‘నిరాశ ఏం లేదు సార్, రంది ఉన్నది’: కరోనా కాలంలో ఒక ప్రైవేటు లెక్కల సారు డిప్రెషన్ కేసు

ఇందులో కనిపించే మనిషి నిజానికి ఒక్కరు కాదు. కరోనా కాలంలో నల్లగొండ జిల్లా మునుగోడు, చండూరు, మర్రిగూడ వైపు నుంచి మా మానసిక వైద్య ఓపీకి వచ్చిన ప్రైవేటు బడి టీచర్ల కేసుల్లో పదేపదే ఎదురైన సంగతులను కలిపి ఒక మనిషిగా రాసింది ఇది. వయసు, ఊరు, కుటుంబం మార్చాం. పరీక్షలు, మోతాదులు, చికిత్స నడిపిన తీరు మాత్రం ఓపీలో నడిచినట్టే ఉంచాం.

వచ్చినప్పుడు

2020 డిసెంబరు. వయసు 38. బీఎస్సీ, బీఈడీ. మండల కేంద్రంలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో పన్నెండేళ్లుగా 8, 9, 10 తరగతులకు లెక్కలు. జీతం 14 వేలు. మార్చి జీతం సగం వచ్చింది, ఏప్రిల్ నుంచి అదీ లేదు. జూలైలో స్కూలు ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టి, ఇద్దరు లెక్కల సార్లలో ఒక్కరినే ఉంచుకుంది. ఈయనకు ‘బడి తెరిచినంక పిలుస్తం’ అన్నారు. ఆ తర్వాత ఉపాధి హామీ పనికి పోయాడు. ఆ ఏడాది రోజుకు 237 రూపాయలు పైరేటు. కొలతల ప్రకారం చేతికొచ్చేది అంతకంటే తక్కువే. మొఖానికి తువ్వాల కట్టుకొని పనిచేసేవాడు. మాస్కు అవసరమున్న కాలం కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. పాత విద్యార్థి తండ్రి ఒకాయన గుర్తుపట్టి ‘నమస్తే సారూ’ అన్న రోజు గడ్డపార అక్కడే పెట్టి ఇంటికొచ్చాడు, మళ్లీ పోలేదు.

ఆయన చెప్పిన బాధల్లో మనసు ఊసు లేదు. ‘పానం బాగుంటలేదు సార్. నడుము పట్టేసింది. నెత్తి గుంజుతది. రాత్రి మూడింటికే మెలకువ అయితది, ఇగ నిద్ర పడది.’ మిగతాది భార్య చెప్పింది: ‘మాట్లాడుడే తక్కువైంది. అన్నం ముందట పెడితే చూసుకుంట కూసుంటడు.’ ఐదు నెలల్లో బరువు 66 కిలోల నుంచి 61కి దిగింది.

మా దగ్గరికి వచ్చేసరికి మూడు చోట్ల తిరిగి ఉన్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ గోలీలు ఇచ్చాడు, తగ్గకపోతే నిద్రకు అల్ప్రాజోలం 0.5 మిల్లీగ్రాములు రాత్రికొకటి మొదలుపెట్టాడు. పట్నంలో గుండెదడకు ఈసీజీ తీశారు, బాగానే ఉంది. నడుముకు నొప్పి మాత్రలు. ఎక్కడా ఎవరూ ‘మనసెట్లున్నది’ అని అడగలేదు. ఆశ్చర్యమేమీ లేదు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కలో డిప్రెషన్ ఉన్నవారిలో నూటికి దాదాపు 85 మందికి చికిత్స అందడం లేదు.

నడుము నొప్పి ఎవరిది?

ఈ ప్రాంతంలో నడుము పట్టేసిందన్న మాటను మనసు ఖాతాలో వేసేముందు ఆగాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఊళ్లివి. కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నా, చిన్నప్పుడు ఎముకలో చేరింది అంత తొందరగా పోదు. అందుకే మూడు చిన్న పరీక్షలు చేయించాం. మోకాళ్లు వంచకుండా వంగి కాలి బొటనవేలు అందుకోవడం, గదవను ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ మెడ వెనక కలపడం. ఎముకల ఫ్లోరోసిస్ ముదిరితే ఇవి కష్టం. ఈయన మూడూ చేశాడు, కాకపోతే ఒక్కో దానికీ నిట్టూరుస్తూ. ముంజేయి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొరకు సున్నం పట్టలేదు. పళ్ల మీద గారలు మాత్రం ఉన్నాయి, అవి ఆ ఊళ్లో సగం మందికి ఉంటాయి.

థైరాయిడ్, షుగర్, రక్తం సరిగానే ఉన్నాయి. బీ12 అంచున ఉంది, బిళ్లలు రాశాం. ఇంతకుముందు ఎప్పుడైనా నిద్ర లేకున్నా హుషారుగా తిరగడం, చేతికి మించి ఖర్చు చేయడం, గొప్పలు చెప్పుకోవడం వంటివి రోజుల తరబడి జరిగాయా అని భార్యను విడిగా అడిగాం. జరగలేదు. ఈ ప్రశ్న వేయకుండా డిప్రెషన్ మందు రాయకూడదు. బైపోలార్, అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అతి హుషారు వచ్చే జబ్బు, ఉన్న మనిషికి ఆ మందు ఒక్కటే ఇస్తే అతి హుషారు వైపు తిప్పొచ్చు.

ప్రశ్నాపత్రం దగ్గర చిక్కు

డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నాపత్రం తెలుగు కాగితం ఇచ్చి నింపమన్నాం. గడచిన రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. చదువుకున్న మనిషి, రెండు నిమిషాల్లో నింపి ఇచ్చాడు. మొత్తం 9. అంటే తేలికపాటిది, చూస్తూ ఉండొచ్చు అనే లెక్క.

ఎదురుగా ఉన్న మనిషి 9 మార్కుల మనిషిలా లేడు. అదే కాగితం తీసుకొని నోటితో అడిగాం. రెండో ప్రశ్నకు, అంటే నిరాశగా, దిగులుగా ఉందా అన్నదానికి, సున్నా పెట్టాడు.

‘నిరాశ లేదా?’

‘నిరాశ ఏం లేదు సార్. నిరాశ అంటే సూసైడ్ చేసుకునేటోళ్లకు కదా.’

‘మరి రంది?’

కాసేపు ఊరుకున్నాడు. ‘రంది అయితే పోతలేదు. పొద్దున లేవంగనే మొదలైతది.’

కాగితం మీది పుస్తకాల తెలుగుకూ, ఇంట్లో మాట్లాడే తెలుగుకూ మధ్య తొమ్మిది మార్కుల తేడా వచ్చింది. ‘ఆసక్తి లేకపోవడం’ అంటే సమాధానం రాదు, ‘ఏ పని మీదికి మనసు పోతలేదా’ అంటే వస్తుంది. ‘ఆందోళన’ ఎవరికీ ఉండదు, ‘బుగులు’ ఉంటుంది. ‘మీపట్ల మీకు చెడు అభిప్రాయం’ అన్న ప్రశ్నకు ఆయన నవ్వాడు. ‘పిల్లల ముందట ఇజ్జత్ పోయింది అనిపిస్తదా’ అనగానే భార్య వైపు చూడకుండా తలూపాడు.

నోటితో అడిగాక లెక్క ఇలా మారింది: ఆసక్తి 3, రంది 2, నిద్ర 3, నీరసం 2, తిండి 2, తన మీద తనకు చులకన 3, ధ్యాస 1, మందకొడితనం 1, తొమ్మిదోది, అంటే చావు ఆలోచన, 1. మొత్తం 18. పదిహేను నుంచి పందొమ్మిది దాకా అంటే మందు గానీ, మాటలతో వైద్యం గానీ, రెండూ గానీ అవసరమైన స్థాయి. టీచర్లకు ఈ కాగితాన్ని చేతికిచ్చి వదిలేయకూడదని మా అభిప్రాయం. దాన్ని వాళ్లు పరీక్ష పేపర్లా చూస్తారు, సరైన జవాబు ఏదో వెతుక్కొని అది పెడతారు.

తొమ్మిదో ప్రశ్నకు మొదట సున్నా పెట్టాడు. భార్యను బయట కూర్చోమని చెప్పి సూటిగా అడిగాం: ‘సచ్చిపోతె బాగుండు అనిపిస్తదా?’ అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. అలా పుట్టదు, అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. ‘పొద్దున లేవకుంటె మంచిగుండు అనిపిస్తది. వారంల రెండు మూడు దినాలు. చేసుకోవాలని మాత్రం లేదు. ఆడపిల్లలు ఉన్నరు.’ పథకం లేదు, ఏర్పాట్లు లేవు, ఇంతకుముందు ప్రయత్నమూ లేదు. అయినా ఆ రోజే మూడు పనులు చేశాం. ఇంటి అటక మీద పత్తి చేనుకు కొట్టగా మిగిలిన పురుగుల మందులు ఉన్నాయి. వాటిని ఆయన అన్న తన కొట్టంలో పెట్టి తాళం వేసి, చెవి తన దగ్గరే ఉంచుకునేలా అన్నకే ఫోన్‌లో చెప్పాం. దాచిపెట్టడం సరిపోదు, ఇంట్లోంచి పోవాలి. మాత్రలు వారానికి సరిపడా మాత్రమే రాసి భార్య చేతికిచ్చాం. జేబులో పట్టే అట్ట ముక్క మీద ఆయన చేతే రాయించాం: మనసు చెడిపోతున్నట్టు ముందుగా తెలిసే గుర్తు ఏది, అప్పుడు ఒంటరిగా చేసే పని ఏది, పోయి కూర్చునే ఇల్లు ఎవరిది, ఫోన్ చేసే ఇద్దరు ఎవరు, మా నంబరు. 2022 అక్టోబరులో టెలీ మానస్ మొదలయ్యాక ఆ అట్టల మీద 14416 కూడా వేయిస్తున్నాం. అది పగలూ రాత్రీ ఎత్తుతారు, పైసా పడదు.

‘ఉద్యోగం పోయింది, రంది ఉండదా?’

ఈ మాట ఆయన అన్న అన్నాడు, తోటి సార్లు అన్నారు. నిజానికి కొందరు డాక్టర్లూ అంటారు. ఈ కేసులో అతి ప్రమాదకరమైన మాట ఇదే. కారణం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి జబ్బు ఉందన్న అనుమానం ఎవరికీ రాదు. వాన నీళ్లు నిలవడం వల్ల మలేరియా వచ్చిందని తెలిసినంత మాత్రాన మలేరియా మందు ఇవ్వకుండా ఊరుకోం కదా.

కష్టానికి పడే బాధకూ, జబ్బుకూ తేడా తేల్చడానికి ఒక ప్రశ్న బాగా పనికొచ్చింది: ఈ మధ్య మంచి జరిగిన రోజు ఏదైనా ఉందా, ఆ రోజు మనసు ఎట్లున్నది? దసరాకు అన్న పది వేలు ఇచ్చాడు. కిరాణా బాకీ తీరింది. ‘తీసుకొచ్చి బీరువాల పెట్టిన సార్. పైసలు అని కూడ అనిపియ్యలేదు.’ కష్టం తగ్గిన పూట మనసు కాస్తయినా లేస్తే అది చాలావరకు బాధ. లేవకపోతే, పైగా మూడింటికే మెలకువ, పొద్దున ఎక్కువై సాయంత్రానికి కాస్త తగ్గే రంది, తిండి సహించకపోవడం తోడైతే, అది వైద్యం చేయాల్సిన జబ్బు. జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ-10 ప్రకారం మధ్యస్థ డిప్రెషన్, శారీరక లక్షణాలతో, ఎఫ్32.11 అని రాశాం.

కల్లు సంగతి ఐదో రోజున బయటపడింది

డిప్రెషన్‌కు రాసిన మందు ఎస్సిటాలోప్రామ్. మొదటి వారం 5 మిల్లీగ్రాములు పొద్దున టిఫిన్ తిన్నాక, తర్వాత 10. ముందే చెప్పాం: మొదటి వారం కడుపులో తిప్పుతుంది, తల బరువుగా ఉంటుంది, గాభరా కాస్త పెరిగినట్టు కూడా ఉండొచ్చు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు.

ఐదో రోజుకు భార్య ఫోన్. చేతులు వణుకుతున్నాయి, చెమటలు, రాత్రంతా కూర్చొనే ఉన్నాడు, ‘ఈ గోలీలు పడ్తలేవు సార్, ఆపేసినం’. ఆ మందు ఆ మోతాదులో అంత పని చేయదు. అడగాల్సిన ప్రశ్న మొదటి రోజు సరిగా అడగలేదన్నది అప్పుడు తేలింది. ‘తాగుతారా’ అంటే ‘లేదు సార్’ అన్నాడు. ఆయన లెక్కలో తాగడమంటే బ్రాందీ. జూలై నుంచి రోజూ సాయంత్రం రెండు సీసాల కల్లు, అదీ చెట్టు కల్లు కాదు, దుకాణంలో దొరికే మందు కల్లు. మా దగ్గరికి వచ్చినరోజు నుంచి ‘దవఖాన మందులు వాడుతున్నం కదా’ అని ఒక్కసారిగా మానేశాడు. అల్ప్రాజోలం కూడా అదే రోజు మానేశాడు.

పాలమూరు, నల్లగొండ వైపు పనిచేసే ఎవరికైనా ఇది కొత్త కాదు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతారు. తాగేవాడికి కల్లు అలవాటు అనిపిస్తుంది, లోపల జరిగేది నిద్రమాత్రల అలవాటు. ఒక్కసారిగా ఆపితే వణుకు, నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్, మతి తప్పడం. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ ఆస్పత్రికి ఇలాంటివాళ్లు క్యూ కట్టారు. ఈ కేసు తర్వాత మేం ప్రశ్న మార్చుకున్నాం: ‘సాయంత్రం కల్లు ఎన్ని సీసాలు? చెట్టుదా, దుకాణంలదా? తాగని రాత్రి నిద్ర పడ్తదా?’

అదే రోజు పిలిపించి చూశాం. నాడి 108, ఫిట్స్ లేవు, సోయి బాగుంది. మోతాదు ఎంత లోపలికి పోయిందో తెలియని చోట డయాజెపామ్‌తో మెల్లగా దించడమే దారి. మొదటి వారం పొద్దున 5, రాత్రి 10 మిల్లీగ్రాములు. రెండో వారం రాత్రి 10. మూడో వారం 5. నాలుగో వారం 2.5, తర్వాత ఆపడం. తోడుగా థయామిన్ (బీ1 విటమిన్) 100. బండి నడపొద్దు, కల్లు ముట్టొద్దు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుందని భార్యకూ చెప్పాం. మూడో రోజుకు వణుకు తగ్గింది. ఎస్సిటాలోప్రామ్ మళ్లీ 5తో మొదలైంది. ఈ సంగతి తేలకపోయి ఉంటే ‘డిప్రెషన్ గోలీలు పడలేదు’ అన్న మాట ఊరంతా పాకేది, ఈయన మళ్లీ దుకాణానికే పోయేవాడు.

ఎర్ర పెన్ను

మందుతో పాటు నడిపింది పనుల పట్టిక. డిప్రెషన్‌లో మనసు బాగైతే పని చేద్దామని మనిషి ఎదురుచూస్తాడు. ఈ పద్ధతిలో పని ముందు, మనసు వెనక. టీచర్‌కు ఇది వివరించనక్కర్లేదనుకున్నాం. రోజంతా గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చొనే బతుకు కదా, ఎనిమిది పీరియడ్ల టైంటేబుల్ పోవడమే సగం నష్టం.

అక్కడే పొరపాటు పడ్డాం. నోటుబుక్కులో పట్టిక వేసుకు రమ్మంటే, రోజుకు పద్నాలుగు పనులతో స్కేలు పెట్టి గీసుకొచ్చాడు. పొద్దున ఐదింటికి యోగా మొదలు రాత్రి టెట్ ప్రిపరేషన్ దాకా. వారం తర్వాత నోటుబుక్కు తెరిస్తే దాదాపు ప్రతి గడిలోనూ ఎర్ర సిరాతో ఇంటూ. కింద మొత్తం వేసి ఉంది: 98కి 11. ఆ పక్కన సున్నా చుట్టి ‘ఫెయిల్’. తన పేపరు తనే దిద్దుకున్నాడు.

పట్టికను మూడు పనులకు కోసేశాం. ఆరున్నరకు చెరువు కట్ట దాకా నడిచి రావడం, ఎనిమిదిలోపు స్నానం, సాయంత్రం నాలుగింటికి పెద్దపాపతో పది నిమిషాలు. ఇంటూలు, టిక్కులు బంద్. ఎర్ర పెన్ను ఇంట్లో కనపడొద్దు. నీలి సిరాతో ఎన్ని గంటలకు చేశాడో ఒక అంకె, చేసేముందు పానం ఎట్లున్నది, చేసినాక ఎట్లున్నది అని 0 నుంచి 10లో రెండు అంకెలు. చేయని రోజు గడి ఖాళీ. రెండు వారాల తర్వాత ఆ అంకెలను ఆయన చేతే చూపించమన్నాం. లెక్కల సారు కాబట్టి అడగకుండానే సరాసరి తీశాడు: నడకకు ముందు 2, తర్వాత 4. ‘రెండు పెరుగుతున్నది’ అన్నాడు. ఆ మాట మేం చెప్పి ఉంటే నమ్మేవాడు కాదు.

నాలుగింటి పని వెనక ఇంకొకటి ఉంది. 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ చానళ్లలో పాఠాలు వచ్చేవి. ఎనిమిదో తరగతి చదివే పెద్దపాప టీవీ ముందు కూర్చుంటే, లెక్కల పాఠం మొదలుకాగానే ఈయన లేచి బయటికి పోతున్నాడని భార్య చెప్పింది. ‘అకరణీయ సంఖ్యలు’ అన్న మాట వినపడితే చెప్పులేసుకునేవాడట. తప్పించుకున్న ప్రతిసారీ ఆ పూటకు తేలిక, మర్నాటికి ఇంకా బరువు. అందుకే మెట్లు కట్టాం. మొదటి వారం పాఠం అయిపోయాక పాప నోట్సు చూడడం. రెండో వారం పాఠం నడుస్తుంటే గడప దగ్గర కూర్చోవడం. మూడో వారం పక్కన కూర్చొని చివరి పది నిమిషాలు. నాలుగో వారం పాప ఆపి అడిగితే చెప్పడం. మూడో వారం రెండు రోజులు లేచిపోయాడు, మెట్టు దించి మళ్లీ ఎక్కించాం. జనవరి నెలాఖరుకు అరుగు మీద, మాస్కులతో, నలుగురు పదో తరగతి పిల్లలకు గంటన్నర చెప్పే దాకా వచ్చింది. పీహెచ్‌క్యూ నాలుగో వారానికి 14, ఎనిమిదో వారానికి 8.

మార్చి 24

2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులు తెరిచారు. స్కూలు సగం జీతానికి పిలిచింది. మార్చి 24న మళ్లీ అన్నీ మూతపడ్డాయి. ఏప్రిల్‌లో పదో తరగతి పరీక్షలు రద్దవడంతో అరుగు మీది పిల్లలు కూడా రావడం మానేశారు. ఆయన మాత్రలు మానలేదు, పట్టికా మానలేదు. అయినా స్కోరు 15కు ఎగబాకింది. పట్టికలోని బరువంతా ఒకే దూలం మీద పెట్టాం, అది బోధన. అది పడిపోతే ఏం మిగులుతుందని ముందే ఆలోచించాల్సింది.

ఎస్సిటాలోప్రామ్ మోతాదు 15 మిల్లీగ్రాములకు పెంచాం. సెకండ్ వేవ్‌లో రావడం కుదరదు కాబట్టి వారానికోసారి ఫోన్, పది పన్నెండు నిమిషాలు. నిద్ర, తిండి, తొమ్మిదో ప్రశ్న, కల్లు, ఈ నాలుగూ తప్పకుండా. పట్టికలో అన్న చేనులో పొద్దున రెండు గంటల పని చేర్చాం. అది కూలి కాదు, పంటలో పాలు. ఆ తేడా ఆయనకు ముఖ్యం.

అదే ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. డబ్బు ఖాతాలో పడింది. బియ్యం రేషన్ దుకాణంలో లైన్లో నిలబడి తెచ్చుకోవాలి. మొదటి నెల పోలేదు. ‘నా దగ్గర చదివిన పిలగాడే తూకం వేస్తడు సార్.’ ఉపదేశాలు పని చేయవు. ఒకటే అడిగాం: ‘కరువు వచ్చిన ఏడాది మీ నాయిన సర్కారు సాయం తీసుకున్నడా? అప్పుడు ఆయన ఇజ్జత్ పోయిందా?’ జవాబు చెప్పలేదు. రెండో నెల భార్యతో కలిసి పోయాడు, మూడో నెల ఒక్కడే. దాన్ని కూడా నీలి సిరాతో పట్టికలో రాసుకున్నాడు: ముందు 1, తర్వాత 5.

సెప్టెంబరు 1న బళ్లు తెరిచేనాటికి స్కోరు 4. నవంబరు నాటికి బరువు 65. నడుము నొప్పి గురించి మేం అడిగితే తప్ప చెప్పడం మానేశాడు.

మందు దించడం

మామూలుగా బాగైన నాటి నుంచి ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగిస్తాం. ఈయనకు ఒకసారి తిరగబెట్టింది కాబట్టి ఏడాది దాటించాం. ఏ నెలలో దించాలన్నది కూడా ఆలోచించాల్సిందే. ఏప్రిల్, మేలలో వద్దు: అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి, ఎండాకాలం జీతం వస్తుందో రాదో తెలియదు. జూన్‌లో వద్దు: ఎవరిని ఉంచుతారో ఎవరిని పంపిస్తారో తేలేది అప్పుడే. 2022 దసరా సెలవులయ్యాక మొదలుపెట్టాం. 15 నుంచి 10, నాలుగు వారాలు. 10 నుంచి 5, నాలుగు వారాలు. ఏమీ కాలేదు. 5 ఆపేసిన మూడో రోజు నుంచి కళ్లు పక్కకు తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు అవుతోందని ఫోన్ చేశాడు. జబ్బు తిరగబెట్టిందనుకొని భయపడ్డాడు. తిరగబెట్టడమైతే మూడు రోజుల్లో ఇలా షాకులతో రాదు, వారాల మీద నిద్ర, తిండి, రందితో వస్తుంది. 5 బిళ్లను సగం చేసి ఇంకో నాలుగు వారాలు ఇచ్చి ఆపాం. 2023 ఫిబ్రవరిలో చూసినప్పుడు స్కోరు 3, మందులేవీ లేవు. పురుగుల మందుల తాళంచెవి ఎవరి దగ్గర ఉందని అడిగాం. అన్న దగ్గరే ఉంది.